ముందు విను, తర్వాత కొను: నర్సంపేట నుంచి హామ్ రేడియో గురించి అడిగిన బిడ్డకు

బిడ్డా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నర్సంపేటలో ఉంటానని, పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో ఏడాది అని, మీ ఇల్లు రెండంతస్తుల డాబా అని, 3,000 రూపాయలు కూడబెట్టుకున్నానని రాశావు. ఆన్‌లైన్‌లో ఒక చైనా వాకీటాకీ కనబడుతోంది, 'పది కిలోమీటర్లు పోతుంది' అని రాసి ఉంది, అది కొంటే హామ్ రేడియో (లైసెన్స్ తీసుకొని, వ్యాపారానికి కాకుండా సరదాకు రేడియో సెట్టు మీద దూరంవాళ్లతో మాట్లాడే విద్య) మొదలుపెట్టినట్టేనా, లైసెన్స్ లేకుండా ఊరికే వింటే తప్పా, వరంగల్ దిక్కు నేర్పేవాళ్లు ఉన్నారా అని అడిగావు.

ఆ మూడు వేలు ఇప్పుడే ఖర్చు పెట్టకు. మిగతా ముచ్చటంతా దాని తర్వాతే.

నేను కాజీపేటలో రైల్వే సిగ్నల్, టెలికాం పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. హామ్ లైసెన్స్ చేతికొచ్చి ఇరవై ఆరేళ్లు. హన్మకొండలో మా డాబా మీదికి వచ్చి నేర్చుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. సెట్టు ముందు కొన్నవాళ్లు దాన్ని ఆన్ చేస్తారు, ఒక గంట గరగర వింటారు, పిలిస్తే ఎవరూ పలకరు, నెల తిరగకముందే అది సొరుగులోకి పోతుంది. ముందు విని, తర్వాత కొన్నవాళ్లే ఇప్పటికీ పొద్దున్నే బ్యాండ్ మీద, అంటే హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల వరుస మీద, కనబడుతున్నారు. ఏ పొద్దుకు ఏ బ్యాండ్ తెరుచుకుంటుందో, ఎవరు ఎప్పుడు వస్తారో, మాటల మధ్యలో సందు చూసుకొని ఎట్లా పిలవాలో, ఇవన్నీ వింటేనే వస్తాయి. సెట్టు ధరతోటి రావు.

వాకీటాకీ సంగతి ముందు తేల్చుకుందాం. మాట పంపగలిగే సెట్టును లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకోవడమే మన దగ్గర నేరం. బటన్ నొక్కలేదు కదా అంటే చెల్లదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్‌తో పనిచేసే చిన్న సెట్లకు 2018లో మినహాయింపు ఇచ్చారు కానీ నువ్వు చూసిన బాపతు అవి కావు. ఇవి 136 నుంచి 174 దాకా, 400 నుంచి 520 దాకా ఎక్కడ పెడితే అక్కడ మాట పంపుతాయి. ఆ మధ్యలో పోలీసుల సెట్లున్నాయి, ఇంకా ఎన్నో శాఖల సెట్లున్నాయి. తెలియక నొక్కిన ఒక్క బటన్ ఎవరి పనికి అడ్డం పడుతుందో చెప్పలేం. ఫ్రీక్వెన్సీ ఏమిటో, లైసెన్స్ కావాలో వద్దో చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకందారులకు నోటీసులు కూడా ఇచ్చింది. కాబట్టి 'అందరూ కొంటున్నారు కదా' అన్న మాట వినకు.

ఇక ఆ పది కిలోమీటర్లు. అది వట్టి అబద్ధం కాదు, సగం నిజం. ఈ ఫ్రీక్వెన్సీల్లో తరంగం దాదాపు చూపు పోయినంత దూరమే పోతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకో, దానికి వర్గమూలం కట్టు, 4.12తో హెచ్చించు. అది ఆ యాంటెన్నాకు కిలోమీటర్లలో దిగంతం. చేతిలో సెట్టు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే సుమారు 5 కిలోమీటర్లు. అవతలి మనిషిదీ 5. కలిపితే 10. చెట్టు, గోడ, గుట్ట ఏమీ లేని చదును నేల మీద లెక్క అది. నీకూ నాకూ మధ్య 40 కిలోమీటర్ల దూరం. అంత దూరం నేరుగా మాట్లాడాలంటే ఇద్దరి యాంటెన్నాలూ దాదాపు 25 మీటర్ల ఎత్తులో ఉండాలి. నువ్వే లెక్కేసి చూడు.

పైగా మనది గుట్టల సీమ. లైసెన్స్ వచ్చిన మొదటి ఏడాది నేను పద్మాక్షి గుట్టకు ఇటు, మా దోస్తు అటు. మధ్యలో మూడు కిలోమీటర్లు కూడా లేవు. చేతి సెట్లతో ఒకరి మాట ఒకరికి వినబడలేదు. సెట్టు చెడిపోయిందనుకొని విప్పి చూశాను. మర్నాడు అతను అదే సెట్టు పట్టుకొని గుట్ట ఎక్కాడు. పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది. సెట్టుకు ఏ రోగమూ లేదు, అడ్డం ఉన్నది నల్లరాయి.

ఇప్పుడు వినే సంగతి. హామ్ బ్యాండ్లు వినడానికి లైసెన్స్ అక్కర్లేదు. అసలు ఏమీ కొనకుండానే మొదలుపెట్టొచ్చు. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్లు ఒక షార్ట్‌వేవ్ రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టారు, వెబ్‌ఎస్‌డీఆర్ అంటారు. కివీఎస్‌డీఆర్ అనే రకం రిసీవర్లు ఇంకా ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఫోన్‌లోనే తెరిచి నీ వేలితో ట్యూన్ చేసుకోవచ్చు. అయితే అది వేరేవాళ్ల ఆకాశం. నెలరోజులు అట్లా విన్నాక మన ఆకాశం వినాలనిపిస్తుంది. అప్పుడు సైడ్‌బ్యాండ్ (హామ్‌లు మాట పంపే తీరు, కింద చెబుతాను) వినగలిగే చిన్న షార్ట్‌వేవ్ రేడియో ఒకటి పాతదైనా సరే చూసుకో, లేదా కంప్యూటర్‌ను రేడియోగా మార్చే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, షార్ట్‌వేవ్ కూడా అందుకునే రకం చూసి తెచ్చుకో. నీ మూడు వేలలో కొంత ఖర్చు పెడితే దీని మీదే పెట్టు.

డాంగిల్ కొంటే ఒక మంచి ఆట ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద మాట, అప్పుడప్పుడు బొమ్మలు పంపుతుంది. గంటన్నరకోసారి భూమిని చుడుతుంది, మన నెత్తి మీదుగా పోయేటప్పుడు మహా అయితే పది నిమిషాలు వినబడుతుంది. ఒకటిన్నర అడుగుల పైచిలుకు తీగ, కచ్చితంగా 49 సెంటీమీటర్లు, నిలువుగా నిలబెట్టి కింద అంతే పొడవు తీగలు నాలుగు వాలుగా కడితే ఆ బ్యాండ్‌కు యాంటెన్నా తయారు. మా మనవడు ఒక రాత్రి ఆ బొమ్మ ఒక్కో గీత ఒక్కో గీతగా తెర మీద దిగుతుంటే అన్నం పళ్లెం పక్కన పెట్టి కూర్చున్నాడు.

కానీ అసలు పాఠం 7 మెగాహెర్ట్జ్ మీద ఉంది. నలభై మీటర్ల బ్యాండ్ అంటాం. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా 7.0 కూ 7.2 కూ మధ్య మెల్లగా తిప్పు. మామూలు రేడియోలో అయితే బాతు అరిచినట్టు, ముక్కుతో గొణిగినట్టు ఏదో వినబడుతుంది. అది సైడ్‌బ్యాండ్. పంపేవాళ్లు క్యారియర్‌ను, అంటే మాటను మోసే తరంగాన్ని, తీసేసి సగం సిగ్నల్ మాత్రమే పంపుతారు, ఆ తీసేసినదాన్ని నీ రేడియో మళ్లీ కలపాలి. లోయర్ సైడ్‌బ్యాండ్ పెట్టి, నాబ్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ ఉండు. ఒకచోటికి రాగానే ఆ బాతు అరుపు మనిషి గొంతవుతుంది. హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో ఎవరో పెద్దమనిషి తన ఊర్లో వాన ఎట్లుందో చెబుతుంటాడు. ఆ క్షణం నీకు నువ్వే తెచ్చుకోవాలి, నేను చెబితే రాదు.

మరి హన్మకొండ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్లు, చూపు పోదు కదా, ఇది ఎట్లా పోతుంది అంటావు. తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, 300 కిలోమీటర్ల ఎత్తులో అయానోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొరకు తగిలి గొడుగులా కిందికి పరుచుకుంటుంది. ఆ గొడుగు కింద మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర అందరికీ వినబడుతుంది, గుట్ట అడ్డం ఉన్నా సరే. రాత్రి ఆ పొర పలచబడుతుంది. నిట్టనిలువుగా పోయిన తరంగం తిరిగి రాకుండా చీల్చుకొని పోతుంది, వాలుగా పోయినవే తిరిగొస్తాయి. అందుకే పొద్దుగూకినాక పక్క జిల్లా మాయమై పరాయి దేశాలు వినబడతాయి. ఇది పుస్తకంలో ఒక పేజీ. పది రోజులు పొద్దునా రాత్రీ విని నోట్‌బుక్‌లో రాసుకుంటే ఆ పేజీ నీకు కంఠతా వస్తుంది.

ఈ బ్యాండ్ విలువ నాకు 2023 జులైలో బాగా తెలిసొచ్చింది. ఆ 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లిలో వాగు ఊరి మీదికొచ్చి జనం ఇండ్ల పైకప్పులు ఎక్కారు. మా కాలనీలోకీ నీళ్లొచ్చాయి. కరెంటు పోయింది, ఫోన్ సిగ్నల్ పోయింది. కారు బ్యాటరీ విప్పి మేడ మీదికి మోసుకుపోయి, సెట్టుకు కట్టి, 7 మెగాహెర్ట్జ్ మీద పిలిచాను. హైదరాబాద్‌లో ఒక పాత దోస్తు పలికాడు. మా బిడ్డకు ఫోన్ చేసి 'అమ్మా నాన్నా మేడ మీద బాగానే ఉన్నారు' అని చెప్పాడు. మామూలు రోజుల్లో ఇంకొకరి కబురు ఇట్లా చేరవేయకూడదు, విపత్తులో అయితే నిబంధనలు ఒప్పుకుంటాయి.

దీనికంటే పెద్ద కథ మన తెలుగు నేలదే ఉంది. హైదరాబాద్‌లో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు బృందంతో 2004 డిసెంబర్‌లో అండమాన్ పోయి పోర్ట్‌బ్లెయిర్ నుంచి స్టేషన్ నడిపారు. అక్కడి నుంచి చాలా ఏళ్లుగా హామ్ స్టేషన్ లేదు కాబట్టి ప్రపంచమంతా ఆ సిగ్నల్ కోసం ఎదురుచూసింది. ఆ నెల 26న సునామీ వచ్చింది. వెంటనే సరదా సంభాషణలన్నీ ఆపేసి ఆ స్టేషన్‌నే క్షేమసమాచారాలు చేరవేయడానికి తిప్పారు. ఆడపిల్లలకు ఇందులో చోటుందా అని ఎవరైనా నిన్ను అడిగితే ఈ పేరు చెప్పు. శిక్షణ, పరీక్ష విషయాలకు కూడా ఆ సంస్థను అడగొచ్చు.

లైసెన్స్ పెద్ద కొండేమీ కాదు. కేంద్ర టెలికాం శాఖలో వైర్‌లెస్ లైసెన్సులు ఇచ్చే డబ్ల్యూపీసీ విభాగం చూస్తుంది, సరళ్ సంచార్ అనే పోర్టల్‌లో దరఖాస్తు. పన్నెండేళ్లు నిండితే చాలు. పరీక్షలో రెండు భాగాలు: రేడియో సిద్ధాంతం ఒకటి, నిబంధనలు ఒకటి. మొదటిది నీ పాలిటెక్నిక్ చదువే. ఓమ్ సూత్రం, రెజొనెన్స్, ఆసిలేటర్, మాడ్యులేషన్. రెండో దాన్ని చాలామంది తేలిగ్గా తీసుకొని అక్కడే తప్పుతారు. కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే నీ రేడియో పేరు) ఎప్పుడెప్పుడు చెప్పాలి, ఎవరితో మాట్లాడామో రాసుకునే లాగ్‌బుక్‌లో ఏం రాయాలి, క్యూ కోడ్‌లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల పొట్టి మాటలు), వ్యాపారం మాటలు, పాటలు ఎందుకు కూడదు, ఇవి శ్రద్ధగా చదువు. పాసైనాక లైసెన్స్ దరఖాస్తుకు పోలీసు విచారణ ఉంటుంది. కొంత కాలం పడుతుంది, ఓపిక పట్టు.

రెండు గ్రేడ్‌లున్నాయి. రెస్ట్రిక్టెడ్‌కు మోర్స్ (పొట్టి, పొడుగు మోతలతో అక్షరాలు పంపే పద్ధతి) అక్కర్లేదు, కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది, పవర్ తక్కువ. జనరల్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రావాలి, వీయూ2 వస్తుంది. చాలామంది ముందు రెస్ట్రిక్టెడ్ రాయమంటారు. నేనైతే నీ వయసులో నేరుగా జనరల్‌కు కూర్చో అంటాను. ఇప్పుడు వాయిదా వేసిన మోర్స్‌ను ఉద్యోగం, సంసారం మొదలైనాక నేర్చుకున్నవాళ్లు తక్కువ.

మోర్స్ నేర్చుకునేటప్పుడు ఒక తప్పు మాత్రం చేయకు. కాగితం మీద చుక్కలు, గీతలు చూసి బట్టీ పట్టకు. అట్లా పడితే ప్రతి అక్షరానికీ లెక్కపెట్టుకుంటూ నిమిషానికి ఐదు పదాల దగ్గరే ఇరుక్కుంటావు. నేను ఇరుక్కున్నాను, విప్పుకోవడానికి ఏడాది పట్టింది. డప్పు దరువు వింటే ఒకటి రెండు మూడు అని లెక్కపెడతామా? దరువును దరువుగానే గుర్తుపడతాం. ఇదీ అంతే. పొడుగు మోత 'డా', పొట్టిది 'డి'. అందరినీ పిలిచే పిలుపు 'సీక్యూ'ను నోటితో అను: డా-డి-డా-డిట్, డా-డా-డి-డా. పదిసార్లు అంటే నడకలో కలిసిపోతుంది. అక్షరాన్ని వేగంగా విను, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం ఎక్కువ పెట్టుకో. రెండు అక్షరాలతో మొదలుపెట్టి, అవి నూటికి తొంభై సార్లు సరిగ్గా వచ్చినాక మూడోది కలుపుకో. కోచ్ పద్ధతి అంటారు, ఫోన్‌లో ఉచిత యాప్‌లున్నాయి. రోజూ పావుగంట చాలు. ఆదివారం ఒకేసారి రెండు గంటలు కూర్చుంటే రాదు.

పరీక్ష రాసి ఎదురుచూసే కాలంలో యాంటెన్నా కట్టు. వినడానికీ అదే, రేపు మాట్లాడడానికీ అదే. మీది రెండంతస్తుల డాబా అన్నావు కాబట్టి నలభై మీటర్ల డైపోల్, అంటే నడుమ కేబుల్ కలిసే రెండు చేతుల తీగ యాంటెన్నా, సరిపోతుంది. మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీతో 143ను భాగించు, మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కు 20.14 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10 మీటర్ల చిల్లర. ఇండ్లల్లో వైరింగ్‌కు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ తెచ్చుకో. ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగ లెక్క కంటే కొంచెం పొడవుగా ప్రవర్తిస్తుంది, చివరికి కత్తిరించాల్సే వస్తుంది. అందుకే ముందు ఒక్కో వైపు 10.5 మీటర్లు తీసుకో. నడుమ పీవీసీ పైపు ముక్క, రెండు చివర్లకూ నైలాన్ తాడు. నడిమి భాగాన్ని వెదురు బొంగుకు కట్టి డాబా మధ్యలో లేపు, రెండు చేతులూ ప్రహరీ మూలల దిక్కు వాలనివ్వు. గుడారం తాళ్లలా ఉంటుంది.

కొలవడానికి నానోవీఎన్ఏ అనే చిన్న మీటరుంది, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకో. నాకు మొదటిసారి 6.6 దగ్గర గుంట, అంటే యాంటెన్నా బాగా కుదిరే ఫ్రీక్వెన్సీ, చూపించింది. 10.5ను 6.6తో గుణించి 7.1తో భాగిస్తే 9.76. ఒక్కసారే కోసేయకుండా రెండు విడతలుగా, రెండు వైపులా సమానంగా కోశాను. 9.75 దగ్గర కుదిరింది. కత్తిరించిన తీగ మళ్లీ అతకదు కాబట్టి చివరి జానెడు కోయకుండా వెనక్కి మడిచి చుట్టు.

యాంటెన్నా నుంచి సెట్టుకు వచ్చే కోయాక్స్ కేబుల్ దగ్గర ఒక మాట. సన్నటి ఆర్‌జీ-58 ఈ 7 మెగాహెర్ట్జ్‌కు బాగానే ఉంటుంది. అదే కేబుల్ 145 మీద పదిహేను మీటర్లు లాగితే నీ పవర్ సుమారు సగం కేబుల్‌లోనే వేడిగా పోతుంది. అక్కడ లావుపాటి ఆర్‌జీ-213 వాడాలి, లేదా కేబుల్ పొట్టిగా ఉంచాలి. తీగ కలిసే చోట నీళ్లు దిగకుండా రబ్బరు టేపు, దాని మీద మామూలు టేపు గట్టిగా చుట్టు. నేను ఒక ఏడాది టేపు ఒక్క వరసే చుట్టాను. వానాకాలం పోయేసరికి సిగ్నల్ సన్నబడింది. తొడుగు చీల్చి చూస్తే లోపలి రాగి అల్లిక మీటరు దూరం నల్లబడి ఉంది. కేబుల్ మొత్తం పారేయాల్సి వచ్చింది.

కరెంటు తీగలు డాబా పక్క నుంచి పోతుంటే యాంటెన్నా ఆ వైపు వద్దే వద్దు. తెగి పడినా, ఊగినా తగలనంత ఎడం ఉండాలి. లేపేటప్పుడు ఇంకో పెద్దమనిషి పక్కన ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే కేబుల్ సెట్టు నుంచి పీకి కిటికీ బయట పెట్టు. ఉరుము వినబడేదాకా ఆగకు. మన దిక్కు పిడుగులకు ఎంతమంది పొలాల్లో పోతున్నారో నీకు తెలుసు.

వినేటప్పుడు జర్రుమనే మోత ఆపకుండా వస్తుంటే రేడియో మీద కోపం తెచ్చుకోకు. బ్యాటరీ మీద రేడియో పెట్టి, ఇంటి మెయిన్ ఆపి విను. మోత పోయిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్ వేసుకుంటూ రా. మా ఇంట్లో అది వంటింటి ఎల్‌ఈడీ బల్బు.

సెట్టు ఎప్పుడు కొనాలంటే, లైసెన్స్ కాగితం చేతికొచ్చిన రోజు. అప్పుడు కూడా కొత్తది కొనకముందు పాతది అమ్మే హామ్‌లను అడుగు. వాళ్లు ఇచ్చిన సెట్టుతోపాటు రెండు గంటల పాఠం ఉచితంగా వస్తుంది.

నేర్పేవాళ్ల సంగతి అడిగావు. హన్మకొండ వచ్చినప్పుడు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని మా డాబా మీదికి రా. నేను మాట్లాడుతుంటే పక్కన కూర్చొని వినొచ్చు, లాగ్ రాయొచ్చు. ఒక్క పొద్దుట కూర్చుంటే పది ప్రశ్నలు తీరిపోతాయి.

రేపు ఆరున్నరకు లేచి ఫోన్‌లోనైనా సరే 7 మెగాహెర్ట్జ్ తెరువు. ఒక రూళ్ల నోట్‌బుక్ తీసుకో. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, విన్న కాల్‌సైన్, ఊరు, ఎంత స్పష్టంగా వచ్చింది, ఆరు గళ్లు గీయి. 'విక్టర్ యూనిఫామ్ టూ' అని మొదలైతే మనవాళ్లే, ఆ తర్వాత వచ్చే అక్షరాలు పట్టుకో. మొదటి రోజు ఒక్కటి కూడా పూర్తిగా దొరక్కపోవచ్చు, సగం దొరికినా రాయి. ఇరవై నిండినాక ఆ పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టు. ఏ అక్షరం దగ్గర నీ చెవి తప్పుతోందో చూసి చెబుతాను.